మంగళవారం నాటి పిండి సంచి

వెర్నా స్ట్రోబెల్‌కు మావాళ్ళు పెట్టిన పేరు కనుబొమ. చూపుడువేలితో ఎడమ కనుబొమను పైకి నెట్టినట్టు సైగ చేస్తే రాచెస్టర్‌లోని చెవిటివాళ్ళందరికీ ఎవరి గురించో తెలిసిపోతుంది. పేకాటలో మంచి ముక్క పడితే ఆమె ఎడమ కనుబొమ దానంతట అదే లేస్తుంది. తన పొగరు చూసి ఆ పేరు పెట్టారని ఆమె నమ్మకం. అసలు సంగతి చెబితే ఆట చెడుతుందని మేమెవరమూ చెప్పలేదు.

చెవిటివాళ్ళు అన్నానని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. మమ్మల్ని మేం అలాగే అనుకుంటాం. మిగతా లోకాన్ని వినేవాళ్ళు అంటాం, అదీ కొంచెం జాలిగా అంటాం. నా పేరు ఎల్డన్. వెర్నా వాటాకు సరిగ్గా కింది వాటా నాది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అచ్చు యంత్రాల దగ్గరే చేశాను. ఆ మోత భరించలేక వినేవాళ్ళు పారిపోతుంటే మమ్మల్ని పిలిచి మరీ పని ఇచ్చేవాళ్ళు.

వెర్నా బటేవియా దగ్గర ఒక పాడి రైతు కూతురు. ఇంట్లో అందరూ వినేవాళ్ళే, ఒక్కరికీ సైగలు రావు. తినమని చెప్పడానికి నోరు చూపించేవాళ్ళు, వద్దని చెప్పడానికి తల ఊపేవాళ్ళు. కబుర్లు అంతటితో సరి. అలా ఒక్క మాట లేకుండా పెరిగిన పిల్లను ఆరో ఏట చెవిటివాళ్ళ బడిలో వేస్తే, చేరిన నెలలోపే పక్క మంచం పిల్లతో తగువు పెట్టుకుంది. తగువాడుకోవడానికి మాటలు దొరికినప్పుడు కలిగినంత సంతోషం తనకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదని ఇప్పటికీ చెబుతుంది. పెళ్ళినాడు కూడానా అని అడిగితే, పెళ్ళినాడు తగువు లేదుగా అంటుంది.

పెద్దయ్యాక ఫోటో ఫిల్ము తయారుచేసే కంపెనీలో, చీకటి గదిలో పని దొరికింది. చీకట్లో సైగలు కనపడవు, కాబట్టి కబుర్లు ఉండవని లెక్కవేసి మేనేజర్లు అక్కడికి చెవిటి ఆడపిల్లలను పంపారు. వీళ్ళు ఒకళ్ళ అరచేతిలో ఒకళ్ళు వేలితో అక్షరాలు గీసుకుంటూ ఆ మేనేజర్ల మీదే జోకులు వేసుకున్నారు. నాతో పనిచేసే లెనర్డ్‌ను వెర్నా పెళ్ళి చేసుకుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, కారిన్. గిన్నె కింద పడితే ఊయలలో ఉన్న పిల్ల ఉలిక్కిపడిందని, అంటే దానికి వినపడుతుందని లెనర్డ్ వచ్చి నాకు చెప్పాడు. అది మంచి కబురో కాదో తేల్చుకోలేని ముఖం పెట్టి మరీ చెప్పాడు.

మాటలు వచ్చిన దగ్గర్నుంచి కారినే ఆ ఇంటికి చెవి. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో పెద్దల మధ్య నిలబడి అటువాళ్ళ మాట ఇటు, ఇటువాళ్ళ మాట అటు అందించేది. లెనర్డ్‌కు ఇక రోజులు దగ్గరపడ్డాయని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాటను తండ్రికి సైగలతో చెప్పింది కూడా ఆ పిల్లే. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి. సిరక్యూస్‌లో బీమా ఆఫీసులో పనిచేస్తుంది, వీడియోలో తల్లితో మాట్లాడుతుంది, వీలైనప్పుడల్లా కారేసుకుని వస్తుంది.

పోయిన చలికాలం వెర్నా వంటింట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. కారిన్ వచ్చి, ఇక ఒంటరిగా ఉన్నది చాలు, మా ఊళ్ళో వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తానంది. ఫోటోలు తెచ్చి చూపించింది. శుభ్రమైన చోటు, పెద్ద కిటికీలు, హాల్లో చేపల తొట్టి. కారిన్ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. వెర్నా ఫోటోలన్నీ తిరగేసి, అక్కడ సైగలు వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారని అడిగింది. ఒక్కరూ లేరు.

దాని అర్థం మాకు బాగా తెలుసు. మాతో చదివిన ఇర్మాను అలాంటి చోటనే చేర్చారు. చూడటానికి వెర్నా, నేను వెళ్ళాం. నర్సులు మంచివాళ్ళే. నవ్వుతారు, భుజం తడతారు, పెదవులు కదుపుతారు. బడిలో ఉన్నప్పుడు చేతులకు అలుపు లేకుండా కబుర్లు చెప్పిన ఇర్మా, మా ముందు కూర్చుని సైగ మధ్యలో ఆగిపోయి, ఆ మాట ఎలా అనాలో వెతుక్కుంది. ఆమెకు మతిమరుపు లేదు. మాట్లాడేవాళ్ళు లేక చేతులు మొద్దుబారాయి, అంతే. మేం బయల్దేరుతుంటే వెర్నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు వెర్నా దారి పొడవునా చేతులు కోటు జేబుల్లోనే పెట్టుకుంది. మాలో ఎవరైనా చేతులు జేబులో పెట్టుకుంటే వాళ్ళు మాట్లాడదలచుకోలేదని అర్థం.

కాబట్టి సిరక్యూస్ ఊసెత్తితే వెర్నాకు భయం. పంతం అనుకుంది కారిన్. అది భయమే. ఇద్దరూ వారం రోజులు పోట్లాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంట్లో మనిషిని కనిపెట్టుకుని ఉండే పరికరాలు పెట్టించాలి. వాటిని నమ్మి వెర్నా ఇక్కడే ఉండొచ్చు.

"కానీ ఇంకొక్కసారి నిజంగా పడ్డావంటే మాత్రం ఇక మాటల్లేవమ్మా. పెట్టె సర్దుకుని వచ్చెయ్యాల్సిందే," అంది కారిన్.

"సరేలేవే, పడినప్పుడు చూద్దాం."

"చూద్దాం కాదు. మాటివ్వు."

వెర్నా మాటిచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

పరికరాలంటే మాకు మొదట్నుంచీ కొంచెం చులకన. అంతకుముందు మా బిల్డింగ్ ఆఫీసువాళ్ళు ముసలివాళ్ళకు సాయంగా ఉంటుందని ఇంటింటికీ ఒక మాట్లాడే డబ్బా పంచారు. ఏం కావాలన్నా నోటితో అడగాలి, అది నోటితో జవాబు చెబుతుంది. సగం మంది చెవిటివాళ్ళున్న బిల్డింగ్‌లో దాన్ని పంచిన మహానుభావుడెవరో తెలిస్తే చూడాలని ఉంది. వెర్నా దాని మీద పూల కుండీ పెట్టుకుంది. కుండీకి సరిగ్గా సరిపోయింది.

కారిన్ పెట్టించినవి వేరు. పొయ్యి మీద గిన్నె మర్చిపోతే పొయ్యి తనంతట తనే ఆరిపోతుంది. ఎవరైనా తలుపు దగ్గర మీట నొక్కితే అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగి ఆరతాయి. మందు వేళకు దిండు కింద చిన్న బిళ్ళ వణుకుతుంది. గోడల అడుగున అగ్గిపెట్టెలంత తెల్ల డబ్బాలు బిగించారు. అవి నేల అదురును పసిగట్టి వెర్నా నడక ఎలా ఉంటుందో నేర్చుకుంటాయి. మనిషి పడితే కారిన్ ఫోనుకు మెసేజ్ పంపుతాయి. కెమెరా కూడా పెట్టిద్దామంటే వెర్నా ఒంటికాలి మీద లేచింది. వినేవాళ్ళ ఇంట్లో కెమెరా పెడితే మనుషులు కనపడతారు, మా ఇంట్లో పెడితే మాటలన్నీ బయటపడతాయి. మాతో పేకాడే డోలోరెస్ గురించి నేను ఎల్డన్‌తో ఏమంటానో నా కూతురు చూడాలా అని అడిగింది. కారిన్ నవ్వి కెమెరా మాట వదిలేసింది.

నెల తిరక్కుండానే వెర్నాకు అవి నచ్చాయి. పొయ్యి ఆరిపోయినప్పుడల్లా దాన్ని తిట్టుకుంటూ మళ్ళీ వెలిగించేది. ఇల్లు కాలిపోతుందేమోనన్న దిగులు పోయి హాయిగా నిద్రపడుతోందని నాతో ఒప్పుకుంది.

గురువారాలు మా పేకాట. వెర్నా ఇంట్లో యూకర్ అనే జోడీల ఆట ఆడతాం. వెర్నా, నేను ఒక జోడీ, డోలోరెస్, ఆమె మొగుడు బెర్నార్డ్ ఇంకో జోడీ. బెర్నార్డ్ ముక్కలు చూసుకుంటూ దిక్కులు చూస్తాడు. డోలోరెస్ కాలెత్తి నేల మీద దబ్బున వేస్తుంది. కుర్చీ అదిరి అతను తలెత్తుతాడు. అప్పుడు తిడుతుంది. వెర్నా నన్ను పిలవాలన్నా అంతే, నేను బెర్నార్డ్‌ను పిలవాలన్నా అంతే. ఎదుటివాళ్ళు మా వైపు చూస్తేనే మాకు మాట, చూసేలా చెయ్యాలంటే నేల తొక్కాలి. కింది వాటా నాది కాబట్టి ఫిర్యాదు చేసేవాడూ లేడు. ఎవరైనా తురుఫు ముక్క దాచుకుని ఆఖర్న వేస్తే నలుగురం కలిసి తొక్కుతాం.

పరికరాలు పెట్టిన తర్వాత మొదటి గురువారమే కారిన్ ఫోనుకు మెసేజ్ మీద మెసేజ్. కింద పడ్డారు, కింద పడ్డారు, మళ్ళీ కింద పడ్డారు. వీడియోలో పిలిస్తే తల్లి ఎత్తలేదు. ఆటలో ఉన్నప్పుడు ఆమె దేన్నీ ఎత్తదు. పాపం, ఆ పిల్ల మంచులో సిరక్యూస్ నుంచి కారేసుకుని వచ్చి తలుపు తోసుకుని లోపలికి వస్తే తల్లి కనుబొమ ఎత్తి ముక్కలు సర్దుకుంటోంది.

"పడ్డావా?" అని అడిగింది కారిన్, కోటైనా విప్పకుండా.

"ఎవరు, నేనా? వీళ్ళని పడగొడుతున్నా," అంది వెర్నా.

తర్వాతి గురువారమూ అంతే. కారిన్ నన్ను వీడియోలో పిలిచి నిజం చెప్పమంది. పడలేదని చెప్పాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ముసలివాళ్ళందరం కలిసి ఏదో దాస్తున్నామని ఒక అనుమానం, ఆ యంత్రమే తిక్కదేమోనని ఇంకో అనుమానం. మాకు మాత్రం యంత్రం మీద ఏ అనుమానమూ లేదు, తిక్కదేనని తీర్మానించేశాం. ఎందుకు తిక్క చేస్తోందో మాకెవరికీ తట్టలేదు. ఒకరిని పేరు పెట్టి పిలిస్తే అదొక విశేషమని వినేవాళ్ళు అనుకుంటారా? మాకూ నేల తొక్కడం అంతే.

ఆ తర్వాత ఒక మంగళవారం వెర్నా నిజంగానే పడింది.

వాళ్ళింటి గిన్నె తిరిగి ఇద్దామని నేను పైకి వెళ్ళాను. తలుపు దగ్గరి మీట నొక్కి నొక్కి, చివరికి నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వెళ్ళాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయింది, మోచెయ్యి నీలంగా కమిలింది, ముఖంలో నెత్తురు లేదు. పై అరలోని మూకుడు అందుకోబోతే మోకాలు పట్టు తప్పిందట. పడిన చోటి నుంచి లేవలేక, పాక్కుంటూ కుర్చీ దాకా వచ్చి దాన్ని పట్టుకుని లేచిందట. అంతసేపూ ఎవరూ రాలేదు.

"కారిన్‌కి చెప్పు," అన్నాను.

"చెప్పి? పెట్టె సర్దుకోమంటావా? ఇర్మాని చూశావుగా."

"ఇంకోసారి లేవలేకపోతే?"

"నీ చేతులు జేబులో పెట్టుకో ఎల్డన్. చెప్పావంటే ఇక నీతో జోడీ కట్టను. డోలోరెస్‌తో కడతా."

డోలోరెస్‌కు ఆట రాదు. అంత దూరం వెళ్ళిందంటే ఎంత భయపడి ఉండాలి. నేను చేతులు జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం కారిన్ వీడియోలో పిలిచి, మధ్యాహ్నం ఏమైనా పడిందా అని మాటల మధ్యలో అడిగిందట. పిండి సంచి చెయ్యి జారి పడిందని వెర్నా చెప్పింది. ఆ ఇంట్లోకి పిండి సంచి వచ్చి ఏళ్ళయింది. వెర్నా తినే రొట్టె, కేకు అన్నీ కొట్టువే. కారిన్ మరి ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసింది. నాకది కొంచెం వింతగా అనిపించింది.

ఆ వచ్చిన శనివారం కారిన్ సరుకులు పట్టుకుని వచ్చింది. నేను బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాను. వెర్నా మాకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతోంది. కారిన్ సంచులు దింపి, తల్లిని పిలవడానికి నేల మీద కాలు వేసింది. వేసి, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఆగిపోయింది. మూలనున్న తెల్ల డబ్బా వైపు చూసింది. మళ్ళీ కాలు వేసింది. మళ్ళీ డబ్బా వైపు చూసింది. బ్యాగులోంచి ఫోను తీసింది.

వెర్నా తిరిగి చూసి, "ఏంటే ఆ ముఖం? ఎవరు పోయారు?" అంది.

కారిన్ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వసాగింది. నవ్వుతుంటే చేతులు వణికి ఏం చెబుతోందో మాకు అర్థం కాలేదు. తేరుకుని చెప్పింది. నేల అదిరినప్పుడల్లా ఆ డబ్బా తీయటి ఆడగొంతుతో "మీరు పడిపోయారా? సాయం కావాలా? అవునో కాదో చెప్పండి," అని అడుగుతోందట. కాసేపు చూసి, జవాబు రాకపోతే మనిషి స్పృహలో లేదనుకుని మెసేజ్ పంపుతోందట. బిగించినవాళ్ళు దీపాలను తలుపుకు కలిపారు, పొయ్యికి కలిపారు. ఈ ప్రశ్నను మాత్రం గొంతుకే వదిలేశారు. ఇన్ని గురువారాలు మేం తొక్కుతుంటే అది మర్యాదగా అడుగుతూనే ఉంది, మేం పేకాడుతూనే ఉన్నాం. నడక వచ్చినప్పటి నుంచి ఆ నేలను తొక్కి తల్లిని పిలిచిన కారిన్‌కు కూడా అంతవరకూ తట్టలేదు. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వడం ముందుగా ఆపింది వెర్నా. మంగళవారం తను నేల మీద ఉన్నప్పుడు కూడా ఆ గొంతు అడిగే ఉంటుందని ఆమెకు తట్టి ఉంటుంది. నాకూ తట్టింది.

తర్వాతి వారం కంపెనీ నుంచి రోండా అనే ఆమె వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళకు తోలు పట్టీలు, చేతిలో చిన్న కంప్యూటరు. సైగలు రావు, కానీ మాట్లాడేటప్పుడు మా ముఖాల్లోకే చూసి మాట్లాడింది, అందుకు ఆమె నాకు నచ్చింది. ప్రశ్నను గొంతు నుంచి దీపాలకు మార్చింది. ఇకమీదట దీపాలు ఎర్రగా వెలిగి ఆరతాయి, బాగానే ఉంటే గోడ మీద మీట నొక్కాలి. అంతటితో అయిపోదంది. ఆట మధ్యలో దీపాలు ఎర్రబడుతూ ఉంటే ఎవరైనా విసుగెత్తి మీట నొక్కడం మానేస్తారు. తొక్కుడేదో పడటమేదో యంత్రానికి తెలియాలి. రెండింటినీ దానికి చూపించి నేర్పాలి.

మాటలు చేరవేసేది కారినే. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. మేం ఏమంటే అది, మేం అన్నట్టే అనాలి. మేం నేను అంటే ఆమె కూడా నోటితో నేను అనాలి. సొంత మాట కలపకూడదు, మధ్యలో మింగకూడదు. మేం కూడా ఆమె వైపు కాక అవతలి మనిషి వైపు చూసి చెప్పాలి. చిన్నప్పటి నుంచి కారిన్ ఈ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు.

తొక్కుడు నేర్పడం తేలికే. ఒకరి తర్వాత ఒకరం తొక్కాం. వెర్నా మరీ ఉత్సాహంగా తొక్కింది. పడటమే కష్టం. ముసలివాళ్ళను పడమనలేం కాబట్టి కారిన్ పడతానంది. చెప్పులు విప్పి, వంటింట్లో నిలబడి, ఒక పక్కకు ఒరిగి పడింది. వెర్నా చప్పట్లు కొట్టి, నీకు పడటం కూడా చేతకాదే అంది. కారిన్ లేచి మళ్ళీ పడింది. పడ్డాక కదలకుండా ఉండమని రోండా చెప్పింది, ఎందుకంటే లేవలేని మనిషి ఎలా ఉంటుందో యంత్రానికి తెలియాలి. కారిన్ చెంప నేలకు ఆనించి, నెరిసిన జుట్టు ముఖం మీద పడి, ఒక చెయ్యి ఒంటి కింద మడతపడి అలాగే ఉండిపోయింది.

వెర్నా ముఖంలో నవ్వు పోయింది. కాలెత్తి నేల మీద వేసింది. కారిన్ కదల్లేదు. మళ్ళీ వేసింది. రోండా చెయ్యి ఊపి వద్దంది, నేర్పుతున్నది చెడిపోతుందట.

కారిన్ లేచి బట్టలు దులుపుకుంది. రోండా కంప్యూటరులో చూసి పెదవి విరిచింది. లాభం లేదు. పడబోతున్నామని తెలిసినవాళ్ళు తెలియకుండానే ఒంటిని కాచుకుంటారు, చేతులు ముందు పెడతారు. నిజంగా పడినవాళ్ళ అదురు వేరుగా ఉంటుంది. ఈ నేల మీద, ఈ మనిషి నిజంగా పడినది ఒక్కటి దొరికితే చాలు, యంత్రం పట్టేసుకుంటుంది. అది ఎక్కడి నుంచి తేవాలి?

ఆమె పాత నమోదులన్నీ తిరగేసింది. గురువారం, గురువారం, గురువారం. ఒక దగ్గర ఆగింది.

"ఇదొక్కటి మంగళవారం. పేకాట లేదు కదా. ఏమిటిది?"

కారిన్ ఆ ప్రశ్నను సైగల్లోకి మార్చి, పద్ధతి పక్కనపెట్టి తనే నోటితోనూ చేతులతోనూ జవాబు చెప్పింది. అమ్మ పిండి సంచి జారవిడిచింది అంది. అలా సొంతంగా జవాబు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. రోండా తల ఊపి, అయితే ఇలాంటి అదురు వస్తే పట్టించుకోవద్దని దానికి నేర్పేస్తానంది. పిండి సంచి అని పేరు పెడితే సరి, ఇకమీదట ఇలాంటిది ఎన్నిసార్లు వచ్చినా ఎవరికీ మెసేజ్ పోదు, అనవసరమైన కంగారు ఉండదు. ఆ మాటలన్నీ కారిన్ చేతుల్లోంచి వెర్నాకు చేరాయి. రోండా వేళ్ళు కంప్యూటరు మీదికి వెళ్ళాయి.

వెర్నా నా వైపు చూసింది. నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. నేను చెప్పగలిగేదీ లేదు, చెప్పాల్సింది నేనూ కాదు. ఊరుకుంటే ఇంట్లో ఉంటుంది, కానీ ఈసారి పడితే ఆ ఇల్లే ఆమెను పిండి సంచి అనుకుని వదిలేస్తుంది. చెబితే ఇచ్చిన మాట ఉంది, సిరక్యూస్ ఉంది. ఆమె భయం నాకు కనపడింది, నాకూ భయం వేసింది. ఆమె వెళ్ళిపోతే ఆ పై వాటాలోకి ఎవరో వినేవాళ్ళు వస్తారు.

వెర్నా కాలితో నేల తొక్కింది. రోండా తలెత్తింది. ఆమె కూడా అప్పటికే నేర్చుకుంది. వెర్నా ఆమె కళ్ళలోకి చూస్తూ మెల్లగా, పొరపాటు పడటానికి వీల్లేకుండా సైగ చేసింది.

"అది పిండి సంచి కాదు. నేను పడ్డాను. మా అమ్మాయికి అబద్ధం చెప్పాను."

కారిన్ పెదవులు కదల్లేదు. రోండా ఎదురుచూస్తోంది. వెర్నా కూతురి వైపు తిరగలేదు. రోండాను చూస్తూనే అదే మాట మళ్ళీ చెప్పింది, అంతే మెల్లగా. అప్పుడు కారిన్ నోరు తెరిచింది. పెదవులు చదవడం నాకు అంతంతమాత్రం, కానీ ఆ మాటలేమిటో ముందే తెలుసు కాబట్టి కనపడ్డాయి. నేను పడ్డాను అంది. మా అమ్మాయికి అబద్ధం చెప్పాను అంది.

చెప్పి, కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. మా దగ్గర ముఖం తిప్పుకోవడమంటే అవతలివాళ్ళ నోరు నొక్కెయ్యడమే. వెర్నా నేల తొక్కింది. కారిన్ తిరగలేదు. రెండోసారి ఆమె కాలు గట్టిగా వేసింది. గోడ పక్కన దీపం ఎర్రగా వెలిగింది, ఎవరూ మీట నొక్కలేదు. కారిన్ తిరిగింది. ఏడుస్తోంది.

"ఆ మెసేజ్ నాకు అప్పుడే వచ్చిందమ్మా. ఆఫీసులో ఉన్నా. చూశా. మళ్ళీ మీ పేకాటేలే అనుకుని ఫోను బ్యాగులో పడేశా. ఏ వారమో కూడా చూసుకోలేదు. సాయంత్రం మంగళవారమని గుర్తొచ్చి పిలిచా. నువ్వు పిండి సంచి అనగానే నమ్మేశా. నమ్మాలనిపించింది." తల్లి మోచేతి వైపు చూసింది. "ఎంతసేపున్నావు కింద?"

"ఎండ పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా పోయింది."

"అది నిన్ను అడుగుతూనే ఉండుంటుంది."

"అడిగిందో లేదో నాకేం తెలుసే."

కారిన్ వచ్చి తల్లి పక్కన కుర్చీలో కూర్చుంది. వెర్నా ఆమె మోకాలి మీద తట్టి, తన వైపు చూసేదాకా ఆగింది.

"మళ్ళీ మెసేజ్ వస్తే?"

"వస్తా. గురువారమైనా వస్తా."

"అయితే నేను ఇక్కడే ఉంటా. ఆ మంగళవారాన్ని దానికి సరిగ్గా నేర్పమని చెప్పు."

రోండా మా చేతులన్నిటినీ మార్చి మార్చి చూసి, ఏమనుకుంటున్నారని కారిన్‌ను అడిగింది. తల్లి ఇచ్చిన మాటను కారిన్ ఇప్పుడు గుర్తుచెయ్యొచ్చు. తల్లిని చూసింది, తను ఇందాక పడిన చోటు చూసింది, చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. తర్వాత రోండా వైపు తిరిగి, ఎప్పుడూ చెప్పే పద్ధతిలోనే, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పింది.

"నేను ఇక్కడే ఉంటాను. ఆ మంగళవారాన్ని దానికి సరిగ్గా నేర్పండి."